గృహనిర్మాణం - ప్రజల నిర్ణయం

ప్రజలతో కలిసి కట్టాలన్న మాట వాస్తుశిల్పుల నోళ్ళలో బాగా నలుగుతున్నది. మంచిదే. కాని కలవడం ఎప్పుడు? ఇటుక మోసేటప్పుడా, నిర్ణయం జరిగేటప్పుడా?

ఈజిప్టులో లక్సర్ వద్ద ప్రాచీన సమాధులపై కాపురముంటున్న గుర్నా జనాన్ని తరలించాలని పురావస్తుశాఖ తలపెట్టి, 1945లో కొత్త గ్రామ నిర్మాణాన్ని హసన్ ఫతీకి అప్పగించింది. ఫతీ సామాన్యుడు కాడు. సిమెంటూ ఇనుమూ పేదవానికి అందవని గ్రహించి పచ్చి ఇటుకను ఎన్నుకున్నాడు. కర్రల సెంట్రింగు లేకుండానే కమాను కప్పులు లేపగల నూబియా మేస్త్రీలను పిలిపించాడు. ఏ కుటుంబం అవసరం ఆ కుటుంబానిదే, ఇళ్ళను ఒకే అచ్చులో పోయరాదన్నాడు. మన ప్రభుత్వ కాలనీల్లో బారులు తీరిన పెట్టెలను చూచినవారికి ఈ మాట విలువ తెలుస్తుంది.

అయినా గుర్నా జనంలో చాలామంది కదలలేదు. తలపెట్టిన గ్రామంలో కొద్దిభాగమే లేచి పని ఆగిపోయింది. వాళ్ళు మూఢులనీ, సమాధుల దొంగలనీ తీర్పు చెప్పడం తేలిక. తమ ఇల్లు ఎలా ఉండాలో చెప్పే హక్కును ఫతీ వాళ్ళకు ఇవ్వజూచాడు. ఊరు విడవాలన్న నిర్ణయం మాత్రం వాళ్ళది కాదు గదా! ఆయన మానితే ఇంకొకరు సిమెంటు పెట్టెలు కట్టేవారంటారు. కావచ్చు. కాని ఆయన అందమైన గోడలు ఆ తరలింపుకు ఒక మర్యాదను తెచ్చిపెట్టాయి.

1989లో ఫతీ కన్నుమూశాడు. 2006 చివర పాత గుర్నాలో ఇళ్ళ కూల్చివేత మొదలైంది.