పట్టా లేనివాని పనికి సాక్షి ఎవరు?



మన ఇండ్లలో పెండ్లి మాటలకు కూర్చున్నప్పుడు మొదట వచ్చే ప్రశ్న, "అబ్బాయి ఏమి చదివాడండీ?" అని. "ఏ పని చేయగలడు?" అని అడిగేవారు తక్కువ. డిగ్రీ ఉన్నదంటే అందరి ముఖాలు వికసిస్తాయి. "పదితో ఆగిపోయాడు, మోటారు వైండింగు పని సొంతంగా నేర్చుకొన్నాడు" అంటే ఒక్క క్షణం ఎవరూ మాట్లాడరు. ఆ మౌనములో ఒక తీర్పు ఉన్నది. అది న్యాయమైన తీర్పేనా అని ఈసారి మనమందరము కలిసి ఆలోచించుదాము.

పని కొరకు ఊరు విడిచి వచ్చినవారి బిడ్డలము మనము. కోలారు గనులకు, షోలాపూరు మిల్లులకు, ఖుర్దారోడ్డు రైల్వేకు మన పెద్దలు వచ్చిన నాడు వారిలో ఎక్కువమంది చేతిలో పట్టాలు లేవు, పని మాత్రమే ఉన్నది. ఆ పనితోనే పిల్లలను చదివించారు. చదువుకొన్న తరము వచ్చినందుకు మనకు సంతోషమే. అయితే ఆ తరముతోపాటు, చదువు మధ్యలో ఆగినవానిని చిన్నచూపు చూచే అలవాటు కూడ మన మధ్యకు వచ్చినది.

అసలు పట్టా అంటే ఏమిటి? అది జ్ఞానము కాదు, జ్ఞానమునకు సాక్ష్యము. ముక్కు మొగము తెలియని యజమానికి, "ఇతనిని మేము ఇన్నేండ్లు చూచాము, పరీక్షించాము" అని ఒక విద్యాసంస్థ చెప్పే మాట. సాక్షి లేనంత మాత్రాన సత్యము లేకుండా పోదు. అయితే సాక్షి లేని మాటను నమ్మి తీరాలని ఎవరినీ బలవంతము చేయలేము. ఈ రెండు మాటలూ నిజమే. సొంతముగా నేర్చుకొన్నవాని కష్టమంతా ఈ రెండింటి మధ్యనే ఉన్నది.

బాప్టిస్టులమైన మనకు విలియం కేరీ పేరు క్రొత్తది కాదు. 1761లో ఇంగ్లండులోని ఒక పల్లెలో పుట్టి, చెప్పులు కుట్టే పని నేర్చిన మనిషి. కాలేజీలో చదివినవాడు కాడు. చేతిపని చేసుకొంటూనే లాటిను, గ్రీకు, హెబ్రీ భాషలు పట్టుదలతో నేర్చుకొన్నాడు. 1793లో బెంగాలు చేరాడు. 1801లో కలకత్తాలోని ఫోర్ట్ విలియం కాలేజీ ఆయనను బెంగాలీ బోధించుటకు నియమించినది. 1807లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చినది. 1814లో ఆయన తెలుగు వ్యాకరణము శ్రీరాంపూరులో అచ్చయినది. ఆయన విషయములో పని ముందు నడిచినది, పట్టా వెనుక వచ్చినది.

అయితే ఇక్కడ ఒక సంగతి గమనించాలి. కేరీ ఒంటరిగా నేర్చుకోలేదు. మృత్యుంజయ విద్యాలంకార్ వంటి పండితుల దగ్గర శిష్యునివలె కూర్చున్నాడు. సొంతముగా నేర్చుకోవడమంటే గురువు లేకుండా నేర్చుకోవడము కాదు. గురువును తానే వెదకుకొనడము.

మనకు ఇంకా దగ్గరి మనిషి జి.డి. నాయుడుగారు. కోయంబత్తూరు సంఘములవారికి ఆయన గురించి వేరే చెప్పనక్కరలేదు. తమిళనాట స్థిరపడిన తెలుగు కుటుంబములో 1893లో పుట్టారు. బడి చదువు ఆయనకు అంటలేదు. ఒక మోటారు సైకిలు చూచి ఆశపడి, హోటలులో పనిచేసి డబ్బు కూడబెట్టి, దానిని కొని, ముక్కముక్కలుగా విప్పి మళ్లీ బిగించారని ఆ ప్రాంతమంతా చెప్పుకొంటారు. 1920లో పొల్లాచి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థను నిలబెట్టారు. 1937లో కోయంబత్తూరులో విద్యుత్ మోటారు తయారు చేయించినవారిలో ఆయన ఒకరు. కాలేజీ చదువు లేని ఈ మనిషి కాలేజీని తిరస్కరించలేదు. 1945లో కోయంబత్తూరులో ఇంజనీరింగు విద్య ప్రారంభమగుటకు ముందు నిలిచి విరాళమిచ్చారు. చదువు కాలమును తగ్గించి, చేతిపనిని పెంచవచ్చునని మాత్రము వాదించారు.

ఇటువంటివారి పేర్లు చెప్పి, "చదువు ఎందుకు, కాలేజీ ఎందుకు" అనే కుర్రవాళ్లు మనలో ఉన్నారు. వారికి ఒక ప్రశ్న. నాయుడుగారు బండిని విప్పారు సరే, మళ్లీ బిగించారు కూడ. బిగించిన బండి నడిచినదా లేదా అన్నదే ఆయన పరీక్ష. నీ పరీక్ష ఏది? ఈనాడు ఏ పనియైనా సెల్‌ఫోనులో చూపించేవారు ఉన్నారు. చూడటము సులువు. చూచినంతసేపు మనకు వచ్చేసినట్లే ఉంటుంది. చుట్టిన మోటారు కాలిపోయినప్పుడు ఎందుకు కాలినదో కనుగొని, తిరిగి చుట్టగలిగిన రోజున పని వచ్చినట్లు. లెక్కలు నేర్చుకొన్న అమ్మాయి, రెండు వైపుల మొత్తములు కలవనప్పుడు తప్పు ఎక్కడున్నదో పట్టుకొన్న రోజున లెక్కలు వచ్చినట్లు. యంత్రమునకు, అంకెలకు మొగమాటము లేదు. పట్టా లేనివాడు పరీక్షను తప్పించుకొన్నవాడు కాకూడదు. అందరికంటె ఎక్కువసార్లు పరీక్షకు నిలిచినవాడై ఉండాలి.

ఇంకొక హద్దు కూడ చెప్పకపోతే మా మాట అసంపూర్ణమవుతుంది. తప్పు జరిగితే నష్టము ఎవరికి? కుట్టు తప్పితే గుడ్డ పాడవుతుంది, దాని ఖరీదు కట్టి ఇవ్వవచ్చు. సూది మందు తప్పితే ప్రాణము పోతుంది, దానిని ఎవరు తిరిగి ఇస్తారు? కాంపౌండరుగా నాలుగేండ్లు చూచి డాక్టరునని బోర్డు పెట్టుకోవడము స్వయంకృషి కాదు, మోసము. పొరుగువాని శరీరము మన పాఠమునకు పలక కాకూడదు. అటువంటి చోట చట్టము పట్టాను అడుగుట న్యాయమే. అది గర్వము కొరకు పెట్టిన గోడ కాదు, బలహీనుని కాపాడుటకు వేసిన కంచె.

ఇంతవరకు నేర్చుకొనేవాని బాధ్యత చెప్పాము. ఇక మన బాధ్యత. మనలో కంట్రాక్టర్లు, వర్కుషాపులు నడిపేవారు, దుకాణదారులు ఉన్నారు. ఒకే పని, ఒకే నాణ్యతతో చేసే ఇద్దరిలో కాగితము లేనివానికి సగము కూలి ఇస్తే, తక్కిన సగము ఎవరిది? అది మన తెలివికి వచ్చిన లాభము కాదు, అతని నిస్సహాయతనుండి మనము తీసుకొన్న సొమ్ము. మన దగ్గర అయిదేండ్లు నమ్మకముగా చేసిన కుర్రవానికి, ఏమేమి చేయగలడో నిజాయితీగా ఒక ఉత్తరము వ్రాసి ఇవ్వడానికి మనకు ఏమి ఖర్చు? "ఇస్తే వేరే చోటికి పోతాడు" అని భయపడి ఇవ్వనివారు, తెలిసిన సాక్ష్యమును దాచినవారే.

2001లో కోలారు బంగారు గనులు మూతపడినప్పుడు ఈ సంగతి మనవారికి బాగా తెలిసివచ్చినది. గని లోపల పేరుపడిన పనితనము గని గేటు దాటిన తరువాత ఎవరికీ తెలియదు. తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరు వెళ్లి, క్రొత్త వారి ముందు మళ్లీ మొదటినుండి తమను నిరూపించుకోవలసి వచ్చినవారు ఎందరో. అందుకే పని వచ్చినవారు కూడ కాగితమును తృణీకరించవద్దని మా మనవి. 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక పాఠశాల ద్వారా పదవ తరగతి పరీక్ష తెలుగు మాధ్యమములో కూడ వ్రాయవచ్చును. పనిని ముందే నేర్చుకొన్నవారిని పరీక్షించి ధ్రువపత్రమిచ్చే పద్ధతి, 2015లో ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ నైపుణ్య పథకములో ఉన్నది. పదవ తరగతితో చదువు మాన్పించిన మన ఆడపిల్లలకు, కోడండ్లకు కూడ ఈ త్రోవ తెలియాలి.

కాబట్టి ప్రియులారా, మన సంఘములలో చదువు ఆగినవాడు ఎదురైనప్పుడు, "ఎంతవరకు చదివావు?" అన్న ప్రశ్న దగ్గర ఆగిపోవద్దు. "ఏమి చేస్తున్నావు నాయనా? ఒకసారి నీ పని చూపించు" అని అడుగుదాము. పని బాగుంటే నలుగురిలో చెప్పుదాము. బాగులేకపోతే, నేర్పగలవాని దగ్గరకు తీసుకొనిపోదాము. విశ్వవిద్యాలయము అతనిని చూడలేదు. మనము ప్రతి వారము చూస్తూనే ఉన్నాము. అతనికి సాక్షి కాగలవారము మనమే.