జస్టిన్‌కి ఉరి వేసిందెవరు?

రోజర్ కార్మన్ గురించి తెలిసినవాళ్ళకి ఆయన పొదుపు గురించి చెప్పక్కర్లేదు. ‘ది లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్’ (1960)లో చాలా భాగం రెండు రోజుల్లో చుట్టేసిన మనిషి. సుమారు ఇరవై ఏళ్ళు దర్శకత్వానికి దూరంగా ఉండి, 1990లో ‘ఫ్రాంకెన్‌స్టైన్ అన్‌బౌండ్’ తీశాడు. బ్రయన్ ఆల్డిస్ 1973లో రాసిన నవల దీనికి ఆధారం. కార్మన్ లెక్కలో ఇది ఖరీదైన సినిమానే, తెరమీద మాత్రం చవగ్గానే కనబడుతుంది. మాట్లాడే కారుని చూసి నాకు నవ్వొచ్చింది. మరుసటేడు వచ్చిన మన ‘ఆదిత్య 369’ పక్కన పెడితే సింగీతం గారి సినిమానే ముస్తాబుగా ఉంటుంది. అయినా దీన్ని రెండుసార్లు చూశాను. కారణం జస్టిన్.

2031లో బుకానన్ (జాన్ హర్ట్) ఒక ఆయుధం తయారుచేస్తాడు. అది కాలాన్నే చీలుస్తుంది. ఆ చీలికలో పడి కారుతో సహా 1817 నాటి స్విట్జర్లాండ్‌లో తేలతాడు. అక్కడ విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ నిజం మనిషి. మేరీ కూడా ఉంది, ఆవిడ నవల అచ్చు కావడానికి ఇంకా ఏడాది ఉంది. విక్టర్ తమ్ముడు హత్యకి గురవుతాడు. నేరం ఆ ఇంట్లో పనిచేసే జస్టిన్ మీద పడుతుంది. చంపింది విక్టర్ తయారుచేసిన ప్రాణి. ఆ సంగతి విక్టర్‌కి తెలుసు. భవిష్యత్తు నుంచి వచ్చిన బుకానన్‌కీ తెలుసు. నిజం చెప్పమని విక్టర్‌ని బతిమాలతాడు, మేరీ సాయం అడుగుతాడు. కోర్టు జస్టిన్‌కే ఉరిశిక్ష వేస్తుంది.

మన పంచతంత్రంలోనూ ఇలాంటి కథ ఉంది. నలుగురు మిత్రులు అడవిలో సింహం ఎముకలు చూస్తారు. ముగ్గురు పండితులు తమ విద్యతో దాన్ని బతికిస్తారు, అది లేచి వాళ్ళనే తినేస్తుంది. చదువు లేని నాలుగోవాడు ముందే చెట్టెక్కి బతుకుతాడు. చిన్నప్పుడు మార్కాపురంలో ఈ కథ విని తెగ సంతోషపడ్డాను. ఇప్పుడు ఆలోచిస్తే అది మనల్ని ఓదార్చడానికి అల్లిన కథేమో అనిపిస్తుంది. తప్పు చేసినవాళ్ళనే సింహం వెతుక్కుని తింటుంది కదా, లెక్క సరిపోయింది. మేరీ షెల్లీ ఆ లెక్క సరిపోనివ్వలేదు. ఆవిడ నవల్లో ముందు పోయేది ఒక పిల్లాడు, తర్వాత ఒక పనిమనిషి. ప్రయోగశాల గడప కూడా తొక్కనివాళ్ళు.

ప్రాణిని తయారుచెయ్యడం విక్టర్ నేరమా అంటే నాకింకా తేలలేదు. ఏం జరుగుతుందో అతనికి తెలీదు, నిజంగానే తెలీదు. కోర్టులో కూర్చున్న రోజుకి మాత్రం అంతా తెలుసు. నవల్లో అతను చెప్పుకున్న సాకు, చెబితే పిచ్చివాడనుకుంటారని. సాకు అబద్ధం కాదు, నిజంగానే అనుకునేవాళ్ళు. నన్ను ఇబ్బంది పెట్టేది అదే. బుకానన్ రెండు శతాబ్దాలు దాటి వచ్చి కూడా ఆ తీర్పు మార్చలేడు. నోరు విప్పాల్సింది విక్టర్.

నా సంగతి కూడా చెప్పాలి. నాలుగేళ్ళ క్రితం చిన్న అప్పులిచ్చే ఒక యాప్‌లో, ఎవరికి అప్పు ఇవ్వచ్చో మార్కులు వేసే ప్రోగ్రామ్ మీద పనిచేశాను. పాత డేటా చూస్తే 523తో మొదలయ్యే కొన్ని పిన్‌కోడ్‌లలో వాయిదాలు ఆలస్యం. ఎందుకో నాకు ఒకరు చెప్పాలా? మార్కాపురం, కంభం, గిద్దలూరు చుట్టుపక్కల వాన పడకపోతే బోరు దిక్కు, బోరు ఎండితే అప్పు దిక్కు. ప్రోగ్రామ్‌కి కారణం అక్కర్లేదు, అంకె చాలు. ఆ పిన్‌కోడ్‌లకి మార్కులు తగ్గించే రూలు నేనే రాశాను. రివ్యూలో ఎవరూ కిమ్మనలేదు. నేను ఇంకో ప్రాజెక్టుకి మారిపోయాను.

మా వీధిలో ఒకన్న పలకలు కోసే మిషన్ పెట్టుకుని బతుకుతున్నాడు. పాత అప్పు ఒక్క వాయిదా తప్పకుండా కట్టిన మనిషి. కొత్త మోటారుకి అప్పు అడిగితే నిమిషంలో కాదన్నారంట. ఫోన్ చేశాడు. “తమ్ముడూ, నువ్వు జేసేది ఆడనే గదా, నేనేం తప్పు చేసినానో కనుక్కోరాదూ?”

“సిస్టమ్ ఒప్పుకోలేదన్నా” అన్నాను.

ఆ వాక్యంలో కర్త ఎవరో చూడండి. తెలుగు మీడియంలో చదివినవాణ్ణి, వ్యాకరణం బాగానే వాడుకున్నాను.

సినిమా చివర్లో బుకానన్, విక్టర్, ఆ ప్రాణి అందరూ మంచు కప్పిన భవిష్యత్తులోకి వచ్చి పడతారు. ప్రాణి చేతిలో విక్టర్ చస్తాడు. దాన్ని వెంటాడుతూ బుకానన్ యంత్రాలున్న ఒక గుహలోకి వెళ్తే, అవి అతని గొంతు గుర్తుపట్టి పని మొదలుపెడతాయి. సెట్టింగు పేలవంగా ఉంటుంది. రెండోసారి చూసినప్పుడు నేను అక్కడ ఆపేశాను.

అన్న ఆ డబ్బు బయట మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకున్నాడని తర్వాత అమ్మ చెప్పింది. పోయిన నెల, ఆ రూలు తీసెయ్యమని పాత టీమ్‌కి మెయిల్ పెట్టాను. చూస్తామన్నారు. అన్నకి మాత్రం ఇంకా ఏమీ చెప్పలేదు. సంక్రాంతికి ఊరెళ్తున్నాను. బస్టాండు నుంచి మా ఇంటికి వెళ్ళే దారిలోనే ఆయన షెడ్డు.