క్రొత్త యిల్లు – ప్రాత నేల

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అను సామెత పుట్టిన కాలమున గృహస్థుడు తన యిల్లు తానే కట్టించుకొనెడివాడు. మేస్త్రిని, వడ్రంగిని, సున్నపు గానుగను, కలప అడితిని తానే వెదకుకొని, పునాది త్రవ్వుట మొదలు గుమ్మమునకు మామిడాకుల తోరణము కట్టువఱకు ప్రతి పనియందును తన కంటిని, తన నోటిని, తన యప్పును వినియోగించి, ఆ యింటి మంచిచెడ్డలు రెంటికిని తానే బాధ్యుడై యుండెడివాడు. నేడు పట్టణములందు మనలో పెక్కుమంది యిల్లు కట్టరు, కొందురు. కట్టుటలోని శ్రమయంతయు ఎన్నుకొనుటకు సంక్రమించినది. ఇంకను పైకి లేవని భవనమున ఒక ఫ్లాటు బుక్ చేసికొందుమా, లేక ఎవరో ముప్పది నలుబదియేండ్లు కాపురముండి విడిచిపోవుచున్న యింటిని తీసికొందుమా అను ప్రశ్న మా కుటుంబమునను చాలకాలము నలిగినది. పిల్లలు క్రొత్తదానిని కోరిరి. పెద్దలు ప్రాతదానివైపు మొగ్గిరి. నేను ఇరువురి వాదములును వినుచు, ఈ రెండు కోరికలకును మూలమేమా యని యాలోచింపసాగితిని.

క్రొత్త యింటిపై మక్కువ కేవలము నునుపైన గచ్చులపై మక్కువయని కొట్టివేయరాదు. తాను పాలు పొంగించు పొయ్యిగట్టుపై అంతకుమున్ను మఱియొకరి పాలు పొంగియుండరాదనియు, తన సంసారపు ముచ్చటలు తన గోడలే మొదట వినవలెననియు కోరుట మానవసహజము. అంతకన్న గాఢమైన కారణమును ఒకటి కలదు. ప్రాత పేటలలో అద్దె యడుగబోయిన వేళ గది చూపుటకు ముందే కులమును, భోజనపు టలవాటును చెప్పుకొనవలసి వచ్చినవారికి, ఏ పూర్వస్మృతియు లేని గోడలు ఒక విధమైన విముక్తి. పూర్వచరిత్రవలన గౌరవము పొందినవారికే ప్రాతదనమందు సౌందర్యము సులభముగా గోచరించునని పెద్దలము మఱువరాదు.

అయినను, నిర్మాణమునందున్న యిల్లు కొనువాడు నిజముగా కొనునది ఇల్లు కాదు, వాగ్దానము. అతడు చూచునది నమూనా ఫ్లాటు, రంగుల పటము, వాయిదాల పట్టిక. తక్కినదంతయు బిల్డరు మాటలోనే యుండును. ఈ మాటకు గల దౌర్బల్యమును గుర్తించియే పార్లమెంటు 2016లో స్థిరాస్తి నియంత్రణ చట్టమును (రెరా) చేసినది. కొనుగోలుదారులనుండి వసూలైన సొమ్ములో 70 శాతమును ప్రత్యేకమైన బ్యాంకు ఖాతాలో నుంచి, ఆ స్థలమునకును ఆ నిర్మాణమునకును మాత్రమే వెచ్చింపవలెననియు, ఇల్లు స్వాధీనపఱచిన నాటినుండి ఐదేండ్లలోపల నిర్మాణదోషము బయటపడినచో తెలిపిన 30 దినములలో బిల్డరు తన ఖర్చుతోనే సరిచేయవలెననియు అది శాసించుచున్నది. మేలైన చట్టమే, కాని ఒక మాటను నిలుపుటకు ఇన్ని ముళ్లు వేయవలసి వచ్చుటయే ఆ మాట ఎంత జారుడుదో తెలుపుచున్నది. ఇందొక విచిత్రమును గలదు: నిర్మాణము పూర్తియైనట్లు ధ్రువపత్రము రాకముందు కొన్న ఫ్లాటుపై 5 శాతము జీఎస్టీ చెల్లింపవలెను, అల్పవ్యయ గృహములకైన 1 శాతము; ధ్రువపత్రము వచ్చిన పిమ్మట కొన్నచో ఆ పన్నే లేదు. మాటను కొనువాడు పన్ను కట్టును. కట్టడమును కొనువానికి అది తప్పును!

కాలపరీక్ష మఱియొకటి. కాంక్రీటు తనకు నిర్దేశింపబడిన బలమును 28 దినములకు చూపవలెనని ఇంజనీర్లు లెక్కగట్టుదురు. కాని గోడలో దాగిన గొట్టముల యతుకులు, స్నానపుగది యడుగు, మిద్దెపై నీరు పోవు వాలు తమ గుణమును బయటపెట్టుటకు కొన్ని వానకాలములు గడవవలెను. ఆ వానలను క్రొత్త యిల్లు కొన్నవాడు తన కాపురముతోనే లెక్కించుకొనును.

ప్రాత యింట ఆ వానలు గడచిపోయినవి. అది తన దోషములను తన మేనిమీదనే వ్రాసికొనియుండును. గోడ అడుగున ఉబికిన చెమ్మ, దూలమున చెదలు, ద్వారబంధముపై ఏటవాలుగా సాగిన బీట, స్లాబు క్రింద ఊడిన పెచ్చులు చూడనేర్చినవానికి స్పష్టమైన సాక్ష్యములు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏండ్ల తరబడి కాంక్రీటులోనికి చొచ్చి, ఇనుమును కాపాడు క్షారగుణమును హరింపగా, చువ్వలు తేమకు త్రుప్పుపట్టును. త్రుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు కోరును గనుక, ఆ యుబ్బునకు పెచ్చులు రాలును. కాబట్టి ప్రాత స్లాబుపై మచ్చ కనబడినప్పటికంటె, అమ్మకమునకు ముందటి నెలలో వేసిన తాజా రంగు కనబడినప్పుడే ఎక్కువ అనుమానింపవలెను. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టమును ఈ న్యాయమునే పాటించినది: కొనువాడు సామాన్యమైన జాగ్రత్తతో కనుగొనజాలని ముఖ్యదోషమును, అది తనకు తెలిసియున్నచో, అమ్మువాడు చెప్పితీరవలెను, కనుగొనదగినదానిని కనుగొను భారము కొనువానిదే. క్రొత్త యింటికి కాపు వాగ్దానమైనచో, ప్రాత యింటికి కాపు కన్ను. మన కన్ను చాలనిచోట అనుభవజ్ఞుడైన ఇంజనీరు కంటిని అద్దెకు తెచ్చుకొనుట ఆ కొనుగోలులో అత్యల్పమైన వ్యయము.

ఇంతవఱకు వచ్చి ఆగినచో బేరము పూర్తియగును గాని విచారము పూర్తి కాదు. లోతుగా చూడగా, క్రొత్త యిల్లు అనునదే లోకమున లేదు. గోడలు నిన్నటివి కావచ్చును. వానిక్రింది నేల సృష్ట్యాదినుండి చేతులు మారుచునే యున్నది. నేటి ఆకాశహర్మ్యముల చిరునామాలలో ఎన్నియో నిన్న అడంగలులో మాగాణిగా, లేక చెఱువు శిఖముగా నమోదైయుండినవే. కాగితముపై చెఱువు మాయమైనను, నీరు తన త్రోవ మఱువదు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తిన పిమ్మటనే ఎగువన ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు జలాశయములు వెలసినవి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగరు మొదలైన పేటలు దినముల తరబడి నీట నున్నప్పుడు, నీరు ఇంటి వయస్సు నడుగలేదు. నేల మట్టమును మాత్రమే యడిగినది. ఇచ్చట ప్రాత యింటికి గల మేలు ఒక్కటే: ఆ వీధిలో నీరెంతవఱకు వచ్చినదో చెప్పుటకు గోడపై మరక యుండును, ఎదురింటి అరుగుపై ముసలివారుందురు. క్రొత్త లేఅవుటులో అడుగుటకు ఎవరును ఉండరు. వెల విషయమునను నేలదే పైచేయి: కట్టడము ఏటేట తరుగును, విలువ నిలుపునది నేల. అంతస్తులు పెరిగినకొలది ఒక్కొక్క ఫ్లాటునకు నేలలో దక్కు అవిభక్త వాటా (అన్‌డివైడెడ్ షేరు) కుదించుకొనిపోవునను సంగతియు కొనువాడు గమనింపదగినది.

ప్రాత యింటి కాగితములు తిరుగవేయుట నాకు ఒక వైరాగ్యపాఠముగా తోచినది. లింకు దస్తావేజులను వరుసగా పేర్చి చదివితిమేని, ఒకదానిలో “క్రయదారు”గా సంతోషముతో సంతకము చేసినవాడే, తరువాతిదానిలో “విక్రేత”గా మరల కనబడును. నడుమ ఒక భాగపరిష్కారమో, ఒక కుదువయో, అమెరికాలోని కొడుకు పంపిన అధికారపత్రమో యుండును. అచ్చిరాని యిల్లని లోకము భయపడును గాని, ఈసీలో (ఎన్‌కంబరెన్సు సర్టిఫికెటులో) కనబడు ఆ పేర్లలో దురదృష్టము కంటె సాధారణ జీవితమే యెక్కువ: పుట్టిరి, పెరిగిరి, చెదరిపోయిరి. ఆ వరుసలో చివరి పేరు మనది కాబోవుచున్నది. ఎల్లకాలము చివరిదిగా నిలువబోవునదియు కాదు. నేడు మనము క్రొత్తదని మురిసి కొన్న ఫ్లాటు, మన మనుమల నాటికి మఱియొకరు తట్టి తట్టి చూచు ప్రాత యిల్లే.

కావున నా నిర్ణయమిది. మరమ్మతునకు కొంత సొమ్మును, ఓపికయు మిగిలియున్నవారు మెరక నేలమీద, నిర్దుష్టమైన కాగితములుగల ప్రాత యింటిని కొనుట మేలు. నేను అట్టిదానినే ఎన్నుకొంటిని. అప్పుతోనే సంసారమారంభించు యువదంపతులు, ఆక్యుపెన్సీ సర్టిఫికెటు వచ్చి పూర్తియైన క్రొత్త యింటిని కొనుట తప్పు కాదు. వట్టి మాటను మాత్రము కొనరాదు. చదువరి ఏది కోరినను, బేరము వేసవిలో కుదిరినచో ఒక గట్టివాన కురిసిన మఱునాడు ఆ వీధికి పోయి చూచి, ఇరుగుపొరుగును విచారించి, దస్తావేజులను న్యాయవాదికి చూపి, ఆ పిమ్మటనే బయానా నీయవలెను.