అవసరం తీరిన అవయవం

“పిల్లలు పుట్టిన్రు, పిల్లలు కాకుండ ఆపరేషన్ గూడ అయింది, ఇంక ఆ సంచితోని ఏం పని?” వనపర్తి జిల్లా శ్రీరంగాపూర్ చుట్టుపక్కల ఊళ్లలో గర్భసంచి గురించి తరచూ వినిపించే మాట ఇది. ప్రశ్నలా ఉన్నా జవాబు ముందే ఇందులో ఉంది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేసినవారు దేశం మొత్తం మీద నూటికి సుమారు ముగ్గురు. తెలంగాణలో సుమారు ఎనిమిది మంది. ఇన్ని ఆపరేషన్లకు ఒకే కారణం ఉండదు. అయినా వాటిలో కొన్నింటి వెనుకైనా ఈ మాట ఉన్నప్పుడు, అది ఎంతవరకు నిజమో మనం అడిగి తీరాలి.

ముందు శరీరం సంగతి చూద్దాం. గర్భసంచి తీసేస్తే హార్మోన్లన్నీ పోతాయని కొందరు, కాన్పులు అయిపోయాక హార్మోన్లతో పనే లేదని ఇంకొందరు అనుకుంటారు. రెండూ సరికావు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ ప్రధానంగా తయారయ్యేది గర్భసంచికి ఇరుపక్కలా ఉండే అండాశయాల్లో. గర్భసంచి ఒక్కదాన్నే తీస్తే నెలసరి ఆగుతుంది గాని అండాశయాలు పనిచేస్తూనే ఉంటాయి. మామూలు కంటే కొంత ముందుగా అవి మందగించే అవకాశం మాత్రం ఉంది. అండాశయాలను కూడా తీసేస్తే కొద్ది రోజుల్లోనే ఈస్ట్రోజెన్ పడిపోతుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. చిన్న వయసులో ఇలా జరిగితే గుండెజబ్బు ముప్పు కూడా పెరుగుతుంది. ఈ తేడాను విప్పి చెప్పేవారు లేకపోతే, తన ఒంట్లో ఏది మిగిలిందో ఏది పోయిందో తెలియకుండానే ఒక మనిషి ఇల్లు చేరుతుంది.

తెల్లబట్ట అయితే ఎముకలు కరిగిపోతాయన్న భయం మన పల్లెల్లో పాతది. తెల్లబట్ట కొంతమేరకు సహజమే. దురద, దుర్వాసన, నొప్పి ఉంటే అది చాలాసార్లు మందులతో తగ్గే ఇన్‌ఫెక్షన్. దానివల్ల ఎముకలు కరగవు. నిజానికి ఎముక గుల్లబారకుండా కాపాడేవాటిలో ఈస్ట్రోజెన్ ముఖ్యమైనది. కాబట్టి ఎముకలు దక్కించుకుందామని ఆపరేషన్‌కు వెళ్లి అండాశయాలు కూడా పోగొట్టుకున్న స్త్రీ, లేని ముప్పును తప్పించుకోబోయి అసలు ముప్పును కొనితెచ్చుకుంటుంది.

అలాగని ఆమెకు తెలివి లేదని తేల్చేసి మనం పక్కకు తప్పుకోవచ్చా? యాసంగిలో పల్లి పంట తీసేటప్పుడు చేను దగ్గర నిలబడి చూద్దాం. చెట్లు పీకి కుప్పలు పోస్తారు. ఆడవాళ్లు ఆ కుప్పల చుట్టూ కూర్చుని పొద్దుగూకేదాకా కాయలు తెంపుతారు. గోళ్ల సందుల్లో ఎర్రమన్ను దిగి ఉంటుంది. నెలసరి రోజుల్లో చాటుకు పోదామంటే మరుగు లేదు, బట్ట మార్చుకుందామంటే నీళ్లు లేవు. ఒకరోజు మానేస్తే ఆ రోజు కూలి లేదు. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో చెరకు కోసే స్త్రీలు ఎంతోమంది గర్భసంచులు తీయించుకున్నారన్న సంగతి 2019లో దేశమంతా చర్చకు వచ్చింది. అక్కడా ఇదే కూలి లెక్క. నెలసరి పోతే పని దక్కుతుందని అనుకున్న స్త్రీ తెలివితక్కువది కాదు. తనకు మిగిల్చిన దారుల్లో ఒకటి ఎంచుకుంది. ఆ దారి చివర ఏముందో చెప్పవలసినవాళ్లు చెప్పలేదు.

మరో కారణం కూడా వినిపిస్తుంది. నెలసరి రోజుల్లో గుడికీ పూజకూ దూరంగా ఉండాలన్నది ఆచారం. నెలసరే పోతే ఏ రోజైనా శ్రీరంగాపూర్ గుడిలో రంగనాయకస్వామిని చూసుకోవచ్చని ఒకామె అనుకుంటే, ఆ కోరికలోని భక్తిని మనం చిన్నబుచ్చనక్కరలేదు. ఆచారాన్ని పాటించాలా వద్దా అన్నది ఎవరి మనస్సాక్షి వారికి చెప్పాలి. అయితే పాటించేవారు సైతం ఒకటి ఆలోచించాలి: తన కోసం ఆరోగ్యమైన అవయవాన్ని కోయించుకోమని ఆ ఆచారం ఎన్నడైనా అడిగిందా?

ఇక వైద్యుల మనస్సాక్షి. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో, అప్పట్లో శ్రీరంగాపూర్ ఉన్న మహబూబ్‌నగర్ ఒకటి. ఆ పథకం ఎందరి ప్రాణాలో నిలిపింది. అదే పథకం కింద గర్భసంచి ఆపరేషన్లు విపరీతంగా పెరగడంతో వాటిని ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయవలసి వచ్చింది. అనవసరంగా చేసే ఈ ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలు అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. “సంచికి పుండయింది, తీయకపోతే క్యాన్సర్ అయితది” అన్న ఒక్క మాట చాలు, ఏ తల్లయినా కాగితం మీద వేలిముద్ర వేస్తుంది. పుండు వేరు, క్యాన్సర్ వేరు. అనుమానముంటే పరీక్ష చేసి తేల్చవచ్చు. ఆ పరీక్ష చేయకుండా, భయపెట్టి తీసుకున్న సంతకాన్ని సమ్మతి అనలేం.

మన వాదాన్ని కూడా పరీక్షకు పెట్టాలి. క్యాన్సర్ వచ్చినప్పుడు, మందులకు లొంగని రక్తస్రావం మనిషిని పిప్పి చేస్తున్నప్పుడు, పెద్ద గడ్డలు పెరిగినప్పుడు ఇదే ఆపరేషన్ ప్రాణం నిలుపుతుంది. నెలసరి పూర్తిగా ఆగిపోయిన తర్వాత మళ్లీ రక్తం కనిపిస్తే ఇంట్లో కూర్చోకూడదు. ఆపరేషన్ అంటేనే చెడ్డదనుకోవడం కూడా పరిశీలించని నమ్మకమే. కాబట్టి చూడవలసింది ఆమె బాధకు ఈ వైద్యం సరైనదా అన్నదే.

“ఇంక ఆ సంచితోని ఏం పని?” అన్న మొదటి మాటలో అసలు పొరపాటు ఒక్క శరీరశాస్త్రానిది కాదు, విలువది కూడా. బిడ్డల్ని కన్నంతకాలమే ఆ అవయవాలకు పని ఉందనుకోవడంలో, స్త్రీ శరీరం ఇతరుల కోసమేనన్న భావం దాగి ఉంది. అండాశయాలు మాత్రం చివరి కాన్పు తర్వాత కూడా ఏళ్ల తరబడి ఆమె ఎముకల కోసం, ఆమె నిద్ర కోసం, ఆమె గుండె కోసం పనిచేస్తాయి. ఎవరికి ఉపయోగపడినా పడకపోయినా, ఆమె బాగుండటం దానికదే ఒక విలువ. దీన్ని ఒప్పుకుంటే మన బాధ్యత తేలుతుంది. ఎందుకు తీయాలి, మందులతో తగ్గదా, అండాశయాలను ఉంచుతారా అని ఆమె అడగాలి. అడిగే ధైర్యం భర్త, పిల్లలు, ఊరి ఆశా కార్యకర్త ఇవ్వాలి. వనపర్తిలో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. రెండో డాక్టరు మాట వినడానికి ఇప్పుడు హైదరాబాద్ దాకా పోనక్కరలేదు. విన్న తర్వాత కూడా ఆపరేషనే మేలని ఆమె అనుకుంటే, ఆ నిర్ణయాన్ని మనమంతా గౌరవించాలి. అప్పుడది తెలిసి చేసుకున్న నిర్ణయం, ఆమె సొంతం.