గడప, తలుపు, కిటికీ

మనిషి తన్ను తాను తెలుసుకోవడానికి ఇల్లు విడిచి వెళ్ళక తప్పదా? సిద్ధార్థుని కథ అంత పాతదైన ప్రశ్న ఇది. ఇల్లు విడిచిన పురుషుణ్ణి మన సమాజం జ్ఞాని అని కొనియాడింది. అదే పని చేసిన స్త్రీని మాత్రం అంత సులభంగా మన్నించలేదు. ఆధునిక నవల ఈ ప్రశ్నను అరణ్యాల నుంచి అద్దె ఇళ్ళలోకి తీసుకువచ్చింది.

తెలుగులో ఓల్గా 'స్వేచ్ఛ' (1987) ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. పుట్టింటి కట్టుబాట్ల నుంచి విముక్తి పెళ్ళిలో లభిస్తుందని నమ్మిన అరుణ, ఆ పెళ్ళి కూడా మరొక కట్టుబాటేనని గ్రహించి గడప దాటుతుంది. 2015లో సాహిత్య అకాడెమీ పురస్కారం పొందిన 'విముక్త'లో అదే రచయిత్రి మరొక మార్గం చూపారు. అక్కడ ఊర్మిళ ఎక్కడికీ వెళ్ళదు. గది తలుపు మూసుకొని, 14 ఏళ్ళ ఏకాంతంలో తన దుఃఖాన్నీ ఆగ్రహాన్నీ పరిశీలించుకొని, తనకు తాను అధికారిణి అవుతుంది.

రాయపూర్‌లో జీవించిన హిందీ రచయిత వినోద్ కుమార్ శుక్ల (1937–2025) మూడవ మార్గాన్ని ఊహించారు. 1999లో సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్న ఆయన నవల 'దీవార్ మే ఏక్ ఖిడ్కీ రహతీ థీ' (1997)లో రఘువర్ ప్రసాద్ చిన్న పట్టణంలో గణిత అధ్యాపకుడు. అతనిది, భార్య సోన్సీది ఒకే గది కాపురం. ఆ గది కిటికీకి ఆవల నది, చెరువులు, ఆప్యాయంగా టీ ఇచ్చే ఒక ముసలమ్మ. దంపతులు కిటికీ దాటి వెళతారు. మళ్ళీ ఆ గదికే తిరిగి వస్తారు. పేదరికం తొలగిపోదు, కాని ఇరుకుతనం తొలగిపోతుంది.

అయితే ఈ కిటికీ ప్రతి గోడకూ ఉండదు. సోన్సీకి అది తెరుచుకున్నది భర్త ఆమెపై అధికారి కానందువల్లనే. అరుణ ఇంట అటువంటి కిటికీ ఉండి ఉంటే గడప దాటే అవసరం కలిగేదా? కనుక వెళ్ళినవారిని స్వార్థపరులనడం, ఉన్నవారిని త్యాగమూర్తులనడం రెండూ తొందరపాటు తీర్పులే. కుటుంబబంధం విలువను నిర్ణయించేది ఎవరు వెళ్ళారన్నది కాదు. కొంతసేపు తనదైన లోకానికి వెళ్ళి వచ్చిన మనిషిని ఆ ఇల్లు సంజాయిషీ అడగకుండా లోనికి రానిస్తుందా అన్నది.

శుక్ల తొలి నవల 'నౌకర్ కీ కమీజ్' (1979) ఇదే మాటను కార్యాలయం వైపు నుంచి చెబుతుంది. అందులో అధికారి నౌకరు కోసం కుట్టించిన చొక్కా ఒక గుమాస్తాకు సరిపోతుంది. సరిపోవడమే అతని దౌర్భాగ్యమవుతుంది. భార్య, కోడలు, కొడుకు అనే చొక్కాలను కూడా కుటుంబం ముందే కుట్టి ఉంచుతుంది. వాటిలో ఇమిడిపోవడాన్నే ప్రేమ అనుకోవడం పొరపాటు.

పాత రాయపూర్‌కు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో నయా రాయపూర్ ప్రణాళిక ప్రకారం వెలసింది. 2012లో రాష్ట్ర సచివాలయం అక్కడికి తరలింది. 2018లో నగరానికి అటల్ నగర్ అని పేరు పెట్టారు. నగరం నక్షాలో గదులు ఎన్నో, కిటికీలు ఎన్నో గీసి చూపవచ్చు. శుక్ల చెప్పిన కిటికీని మాత్రం ఏ నక్షా చూపలేదు. దానిని గోడ లోపల ఉన్నవారే, ఒకరి కోసం ఒకరు, తెరిచి ఉంచాలి.