ముందుగా వేసే టీకా తవక్కుల్‌కు విరుద్ధమా?

జబ్బుపడిన పశువుకు మందు పోయించడానికి మనలో ఎవరూ వెనుకాడరు. కాని నిక్షేపంగా మేస్తున్న ఆవుకు సూది వేయించమంటే కొందరు సంకోచిస్తారు. "రోగం అల్లాహ్ రాసిపెడితే వస్తుంది, లేకపోతే రాదు" అంటారు. అంటురోగం లేదని దైవప్రవక్త (సఅసం) సెలవిచ్చారు కదా అని హదీసు కూడా చూపుతారు.

ఆ హదీసును చివరిదాకా చదవాలి. ఎడారివాసి ఒకరు, గజ్జి ఒంటె వచ్చి కలిస్తే చక్కగా ఉన్న ఒంటెలకూ గజ్జి పడుతోంది కదా అని అడిగారు. మరి మొదటి ఒంటెకు ఎవరు అంటించారని ప్రవక్త (సఅసం) ఎదురు ప్రశ్నించారు. దైవాజ్ఞతో పనిలేకుండా రోగమే తన బలంతో పాకుతుందన్న అజ్ఞానకాలపు నమ్మకానికి అది సమాధానం. జబ్బు ఒంటెలను ఆరోగ్యంగా ఉన్న ఒంటెల దగ్గరికి తోలుకురావద్దని ఆదేశించింది కూడా ఆయనే. రెండు మాటలూ బుఖారీ గ్రంథంలో ఉన్నాయి.

సిరియా ప్రాంతంలో ప్లేగు ప్రబలిందని తెలిసి హజ్రత్ ఉమర్ (రజి) సర్గ్ అనే చోటి నుంచి వెనుదిరిగారు. దైవనిర్ణయం నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. ఒక దైవనిర్ణయం నుంచి మరో దైవనిర్ణయం వైపే వెళుతున్నామన్నారు ఉమర్ (రజి). లోయలో ఒక పక్క పచ్చిక, మరో పక్క బీడు ఉంటే, ఒంటెలను ఎటు మేపినా అది విధిలోనిదే కదా అని ఉపమానం చెప్పారు. ఆయనకు కూడా పశువులే గుర్తుకు రావడం గమనించండి.

నా దృష్టిలో అసలు చిక్కు వేరే ఉంది. గాలికుంటు టీకా వేశాక ఒకటి రెండు రోజులు పాలు కొంత తగ్గవచ్చు. దాని రక్షణ ఏళ్ల తరబడి నిలవదు కనుక ఏడాదికి రెండుసార్లు వేయించాలి. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఇది ఉచితమే. అయినా, "అందరూ వేయిస్తున్నారుగా, నా ఒక్క గేదెకు వేయించకపోతే ఏం?" అని టీకా రోజున పశువును పొలానికి తోలేసేవారు ఉన్నారు. ఈ లెక్క పదిమంది వేసుకుంటే మంద మొత్తానికీ రక్షణ పోతుంది. వైరస్ గాలిలో, మేతలో, మనుషుల చెప్పులకు అంటుకుని కూడా వెళుతుంది. నా రెండు లీటర్ల పాల కోసం, ఒకే గేదె మీద బతికే పొరుగు వితంతువు పాడిని పణంగా పెట్టే హక్కు నాకెక్కడిది? ఇది తవక్కుల్ పేరుతో అడగదగిన మినహాయింపేనా?

పశువులను పీడించిన రిండర్‌పెస్ట్ మహమ్మారి ప్రపంచం నుంచి తొలగిపోయిందని 2011లో ప్రకటించారు. తమ మందలో రోగం లేకున్నా టీకా వేయించినవారి పాలు కూడా అందులో ఉంది.

బక్రీద్ సంతల గురించి ఒక మాట. నోట పుండ్లు, కాలిగిట్టల్లో పుండ్లు కనబడగానే పశువును హడావిడిగా సంతకు తోలడం కొన్నిచోట్ల ఉంది. లోపం దాచి అమ్మడం ధర్మసమ్మతం కాదని మనకు తెలుసు. ఇక్కడ నష్టపోయేది కొన్నవాడొక్కడే కాదు. ఆ పశువు ఏ ఊరి మందలో కలుస్తుందో అమ్మినవాడికీ తెలియదు.