ఎవరు పిలిచిన ఫౌజు?

మూసాపేటలో ఇల్లు అద్దెకు అడిగినప్పుడల్లా, పేరు చెప్పగానే రెండో ప్రశ్న వచ్చేది. "మీ పెద్దలు ఎక్కణ్ణించి వచ్చారు?" తెలుగులోనే అడుగుతారు. తెలుగులోనే చెబుతాను. ప్రశ్న మాత్రం అలాగే నిలబడి ఉంటుంది.

చాలాకాలం నా దగ్గరొక జవాబుండేది: మూసారాంబాగ్. మూసాపేటలో మెట్రో ఎక్కితే బండి మారకుండా అక్కడ దిగొచ్చు. (పేర్లు దగ్గరగా ఉన్నాయని చుట్టరికం కలపకండి, నేనూ కలపడం లేదు.) ఆ పేరు ఒక ఫ్రెంచివాడిది. నిజాం అలీఖాన్ కొలువులో సేనాపతి రేమండ్. 1798 మార్చి 25న చనిపోయాడు. హిందువులు మూసారాం అన్నారు, మేం మూసారహీం అన్నాం. అస్మాన్‌గఢ్ గుట్టమీద అతని సమాధి దగ్గర ఏటా జనం చేరేవారు. సముద్రాలు దాటొచ్చిన తుపాకీవాణ్ణి మీవాడన్నారే, ఇక్కడే పుట్టిన నన్నెందుకు నిలదీస్తారు? ఇదీ నా వాదన.

అబ్బా ఓసారి విని, "ఉస్కే సిపాయాఁ కీ ఖబ్రాఁ కాఁ హైఁ బేటా?" అన్నాడు. వాడి సిపాయిల సమాధులెక్కడరా అని. నాకు నోరు పెగల్లేదు.

ఆ ఫౌజు 14,000 దాకా ఉండేది. పై అధికారులు ఫ్రెంచివాళ్ళు, సిపాయిలు ఈ దేశపు పిల్లలు. జెండా ఫ్రెంచి రిపబ్లిక్‌ది. స్వేచ్ఛ, సమానత్వం అని చాటిన జెండా కింద సిపాయికి జీతం బాకీ! 1798 సెప్టెంబర్ 1న నిజాం ఇంగ్లీషువాళ్ళతో ఒప్పందం రాసుకున్నాడు. ఫ్రెంచివాళ్ళు పోవాలి, కంపెనీ పటాలాలు ఆరుండాలి, ఖర్చు ఏడాదికి 24 లక్షల పైచిలుకు నిజాందే. అక్టోబరులో రేమండ్ ఫౌజును నిరాయుధం చేశారు. నెత్తురు చుక్క కారలేదని పుస్తకాలు మెచ్చుకుంటాయి. బకాయిల కోసం ఆ సిపాయిలు తమ అధికారులనే పట్టుకున్నారన్నది ఒక వాక్యంలో అయిపోతుంది.

కంపెనీ ఫౌజు ఖర్చుకింద 1800లో కడప, బళ్ళారి ప్రాంతాలను నిజాం రాసిచ్చేశాడు. దత్తమండలాలన్నారు. దత్తత పోయే బిడ్డనైనా దగ్గరికి పిలిచి కూచోబెట్టుకుంటారు. సీమ రైతునెవరడిగారు?

"పిలిస్తే వచ్చాం" అనే మాట పాతబడదు. 2013 జనవరిలో మాలీ ప్రభుత్వం పిలిచిందనే ఫ్రెంచి సైన్యం అక్కడ దిగింది. జనం ఫ్రెంచి జెండాలూపారు కూడా. అబద్ధం కాదు, ఉత్తరాన సాయుధ ముఠాలను చూసి జడుసుకున్నవాళ్ళు ఊపారు. కొన్నేళ్ళకు బమాకో వీధుల్లో అవే జెండాలు తగలబడ్డాయి. 2022 ఆగస్టులో సైన్యం వెళ్ళిపోయింది. పిలిచినవాడికి పిలిచే హక్కుందా అన్నది ఒక ప్రశ్న. భయంలో పిలిచిన పిలుపు ఎన్నాళ్ళు చెల్లుతుందన్నది ఇంకోటి. రెండోదే నన్ను ఎక్కువ తొలుస్తుంది.

రేమండ్‌ను ఇష్టపడ్డ జనంలో తప్పు పట్టను. తప్పు నాది. నా పౌరసత్వానికి సాక్షిగా ఒక కిరాయి సేనాపతిని తెచ్చుకున్నాను. ఆ ఫౌజులో నడిచిన నావాళ్ళను వదిలేశాను.

మొన్న ఇంకో ఇంటికెళ్ళాను. అదే ప్రశ్న. రేమండ్ ఊసెత్తలేదు. మా దాదా బోరబండలో రాళ్ళు కొట్టాడని చెప్పాను.

ఇల్లివ్వలేదు.